30కి 22 వస్తే డిమెన్షియా ఉన్నట్టేనా?

పెద్దవాళ్లలో జ్ఞాపకం, ఆలోచన తగ్గాయేమో చూడటానికి డాక్టర్లు 30 మార్కులకు పెట్టే ఒక పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమంటారు. గుండ్రంగా గీసి, అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించేలా ముళ్లు పెట్టమంటారు. చూడ్డానికి చిన్నపిల్లల పరీక్షలా ఉంటుంది. పెద్దవాళ్లలో కొందరికి ‘నాతో ఆటలేంటి’ అని కోపం కూడా వస్తుంది. కానీ ఆ టైము ఊరికే ఎంచుకున్నది కాదు. పది నిమిషాలు చూపించాలంటే పెద్ద ముల్లు 2 అంకె మీద ఉండాలి. ‘పది’ అన్న మాట చెవిన పడగానే చెయ్యి మాత్రం 10 అంకె వైపు పోతుంది. ఆ లాగుడును ఆపుకుని, పది నిమిషాలంటే రెండో అంకె అని మనసులో మార్చుకోవాలి. మెదడు ముందుభాగం బాగా పనిచేస్తుంటే ఈ మార్పిడి మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అక్కడ దెబ్బ తగిలితే ఒక ముల్లు 11 మీదికి, ఇంకోటి 10 మీదికి వెళ్తాయి. కొందరు అంకెలన్నీ ఒకే వైపు కుక్కేసి మిగతా సగం ఖాళీగా వదిలేస్తారు. ఇంకొందరు ముళ్ల జోలికే పోకుండా 11.10 అని అంకెల్లో రాసి కాగితం తిరిగి ఇచ్చేస్తారు.

చెప్పింది అర్థం చేసుకోవడం, చేస్తున్నంతసేపూ దాన్ని గుర్తుంచుకోవడం, ఏది ఎక్కడ పెట్టాలో ముందే ఊహించుకోవడం, కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం... ఇన్ని సంగతులు రెండు నిమిషాల్లో బయటపడతాయి కాబట్టి డాక్టర్లకు ఈ బొమ్మంటే మక్కువ. చిక్కేమిటంటే, బొమ్మ తప్పుపోయిందని తెలుస్తుంది గానీ ఎందుకు తప్పుపోయిందో తెలియదు. చేతి వణుకు కావచ్చు, చూపు ఆనకపోవడం కావచ్చు, రాత్రంతా నిద్ర పట్టకపోవడం కావచ్చు, ఎన్నడూ పెన్సిలు పట్టని చెయ్యి కావచ్చు. పదేళ్ల కిందట అడిగినా ఆ మనిషి ఇలాగే గీసి ఉండేవారేమో! ఈ చివరి అనుమానమే అన్నిటికన్నా పెద్దది. పెద్ద వయసులో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గాయా లేదా అని తేల్చే పనంతా ‘ఇదివరకు ఎలా ఉండేవారు’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పరీక్ష చెప్పగలిగింది ఈ రోజు సంగతి మాత్రమే.

దేని కోసం వెతుకుతున్నారు

డిమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి మాట. జ్వరం వెనక మలేరియా ఉండొచ్చు, టైఫాయిడ్ ఉండొచ్చు. అలాగే డిమెన్షియా వెనక అల్జీమర్స్ ఉండొచ్చు, మెదడులో రక్తనాళాలు పూడుకుపోవడం ఉండొచ్చు, మెదడు కణాల్లో ప్రోటీన్ ముద్దలు చేరే లూయీ బాడీ జబ్బో, మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపోరల్ జబ్బో ఉండొచ్చు. చాలామందిలో ఒకటికి రెండు కారణాలు కలిసే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారు. ఏటా దాదాపు కోటి కొత్త కేసులు వచ్చి చేరుతున్నాయి. వీటిలో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్ వాటా.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 (మానసిక జబ్బుల్ని నిర్ధారించే పుస్తకం) డిమెన్షియా స్థానంలో ‘మేజర్ న్యూరోకాగ్నిటివ్ డిజార్డర్’ అనే పేరు పెట్టింది. పేరు జనంలోకి వెళ్లలేదు, వెళ్లేలా కూడా లేదు. అయితే అందులోని షరతులు గుర్తుంచుకోదగ్గవి. ఆ మనిషి ఇదివరకు ఉన్న స్థాయి నుంచి కిందికి దిగి ఉండాలి. ఆ దిగుడు వల్ల బిల్లులు కట్టడం, మందులు వేళకు వేసుకోవడం లాంటి పనులకైనా ఇంకొకరి సాయం కావాల్సి రావాలి. ఇదంతా డెలీరియం (ఒంట్లో ఇంకేదో బాగోలేక ఉన్నట్టుండి వచ్చే అయోమయం) వల్లో డిప్రెషన్ వల్లో వచ్చింది కాకూడదు. ఎక్కడా ‘ఇన్ని మార్కుల కన్నా తక్కువ వస్తే’ అని లేదు.

మన మాటల్లో ‘మతిమరుపు’ అన్న ఒక్క ముక్కలో అన్నీ కలిసిపోతాయి. దాని పక్కన ‘పెద్దతనం’, ‘చాదస్తం’ అన్నవి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వయసుతో మెదడు వేగం తగ్గడం, పేర్లు ఆలస్యంగా తట్టడం మామూలే. మాటల సంపద, లోకజ్ఞానం మాత్రం చాలాకాలం నిలబడతాయి, కొందరిలో పెరుగుతాయి కూడా. నాలుక చివర ఆగిపోయిన పేరు సాయంత్రానికి తానే గుర్తొస్తే కంగారు పడక్కర్లేదు. పొద్దున గంటసేపు మాట్లాడుకున్న సంగతిని వివరాలతో సహా గుర్తుచేసినా ‘ఎప్పుడు? నాతోనా?’ అంటే అది వేరే లెక్క.

1901లో అడిగిన ప్రశ్నలు

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక మానసిక చికిత్సాలయంలో 1901 నవంబరులో 51 ఏళ్ల ఆగుస్టె డీటర్ అనే మహిళను చేర్చారు. ఆమెతో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ జరిపిన సంభాషణలు రాతలో మిగిలాయి. పోయిందనుకున్న ఆ కేసు ఫైలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. పేరేమిటని అడిగితే ‘ఆగుస్టె’ అంది. ఇంటిపేరు అడిగితే మళ్లీ ‘ఆగుస్టె’. భర్త పేరు అడిగితే ‘ఆగుస్టె అనుకుంటా’ అంది. పెన్సిలు, పెన్ను, తాళంచెవి, చుట్ట చూపిస్తే అన్నిటి పేర్లూ సరిగ్గా చెప్పింది. కాసేపయ్యాక ఏమేం చూపించానో చెప్పమంటే ఒక్కటీ గుర్తు లేదు. పేరు రాయమంటే ‘శ్రీమతి’ వరకు రాసి, తర్వాత ఏం రాయాలో మర్చిపోయింది. ‘నన్ను నేను పోగొట్టుకున్నాను’ అని అనేది.

1906లో ఆమె చనిపోయాక అల్జీమర్ ఆమె మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. అదే ఏడాది నవంబరులో ట్యూబింగన్‌లో జరిగిన వైద్యుల సభలో తాను చూసింది వివరించాడు. ఆ మెదడు సంగతి పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. ఆ ప్రశ్నల సంగతి అంతగా చెప్పరు. వస్తువు చూపించి పేరు అడగడం, కాసేపు మాట మళ్లించి మళ్లీ అడగడం ఈనాటికీ ప్రతి పరీక్షకూ వెన్నెముక. నూట ఇరవై ఏళ్లలో మార్కులు వేసే పద్ధతి వచ్చి చేరింది, ప్రశ్న మాత్రం అదే.

మార్కులు ఎలా వచ్చాయి

1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, సూజన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ కలిసి ‘మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్’ ప్రచురించారు. పొడి అక్షరాల్లో ఎంఎంఎస్ఈ. మొత్తం 30 మార్కులు. ఇందులో 10 మార్కులు ఈ రోజు ఏ తేదీ, ఏ వారం, మనం ఎక్కడున్నాం లాంటి ప్రశ్నలకే పోతాయి. మూడు మాటలు చెప్పి, అప్పుడే ఒకసారి అనిపించి, తర్వాత మళ్లీ అడుగుతారు. 100లోంచి 7 తీసేస్తూ పొమ్మంటారు: 93, 86, 79, 72, 65. చివర్లో ఒకదానితో ఒకటి కలిసిన రెండు అయిదుభుజాల బొమ్మల్ని చూసి గీయమంటారు. 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలని పాత లెక్క.

ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్లయిన మనిషికి ఈ రోజు తేదీ ఒకటి అటూ ఇటూ అయితే వింతేముంది? తీసివేతలు సగం జీవితం లెక్కలు చూసినవాళ్లకు నీళ్లు తాగినంత సులువు, బడికి పోనివాళ్లకు ఎప్పుడూ కష్టమే. ఎంఎంఎస్ఈలో ఎక్కువ మార్కులు చదువుకున్నవాళ్ల వైపు మొగ్గుతాయని ఏళ్లుగా అందరికీ తెలుసు. రెండోవైపు, బాగా చదువుకున్న మనిషిలో తగ్గుదల మొదలై రెండేళ్లయినా 28 వచ్చి ఇంటికి పంపేయడం జరుగుతుంది. ఈ పరీక్షలో ప్లానింగ్‌ని, ఒక పని మీంచి ఇంకో పని మీదికి మనసు మళ్లించడాన్ని పరీక్షించే ప్రశ్నలు దాదాపు లేకపోవడం ఇంకో లోటు.

ఆ లోటు పూడ్చడానికే మాంట్రియల్‌లో జియాద్ నస్రెద్దీన్ బృందం ‘మోకా’ తయారుచేసి 2005లో ప్రచురించింది. పది నిమిషాల పరీక్ష. అంకెనీ అక్షరాన్నీ మార్చి మార్చి గీతతో కలపడం, ఘనం బొమ్మ, గడియారం, సింహం-ఖడ్గమృగం-ఒంటె బొమ్మల పేర్లు, అయిదు మాటలు గుర్తుపెట్టుకోవడం ఇందులో ఉంటాయి. ఇదీ 30కే. 26, ఆ పైన వస్తే నార్మల్ అన్నారు. చదువు 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ అయితే ఒక మార్కు కలుపుతారు. ఒక్క మార్కు! అయిదో తరగతి చదివినవారికీ ఇంటర్ చదివినవారికీ అదే ఒక్క మార్కు. 26 దగ్గర గీత గీస్తే బాగున్నవాళ్లు కూడా చాలామంది అనుమానితుల్లో చేరిపోతున్నారని, 23 దగ్గర పెడితే మేలని తర్వాతి పరిశోధనలు సూచించాయి. అంటే శీర్షికలోని 22 కూడా ఏ గీతతో కొలిచారన్న దాన్ని బట్టి కొద్దిగా కిందా కావచ్చు, చాలా కిందా కావచ్చు. ఇక 2018లో ట్రంప్‌కి ఈ పరీక్షలోనే 30కి 30 వచ్చాయని ఆయన డాక్టర్ ప్రకటించాక, దీన్ని తెలివితేటల పరీక్షగా భావించినవాళ్లు తక్కువేమీ కాదు. ఒంటెను చూసి ఒంటె అనడం మేధస్సుకి గుర్తు కాదు, అనలేకపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం.

భాష మార్చినప్పుడు ఇంకో తలనొప్పి. ఎంఎంఎస్ఈలో ‘నో ఇఫ్స్, యాండ్స్, ఆర్ బట్స్’ అనే ముక్కను విని తిరిగి చెప్పమంటారు. అర్థం తీసుకుని తెలుగు చేస్తే నోరు తిరగడంలోని కష్టం పోతుంది, కష్టం ఉంచితే అర్థం పోతుంది. మోకాలో ఒక నిమిషంలో ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు, కనీసం 11 రావాలి. తెలుగులో ‘క’ అని అడిగితే ‘కాకి’, ‘కిటికీ’, ‘కొండ’ లెక్కలోకి వస్తాయా, లేక ‘కల’, ‘కడవ’ మాత్రమేనా? గుణింతం ఉన్న లిపికీ లేని లిపికీ ‘అక్షరం’ అంటే ఒకటి కాదు. దీన్ని ముందే తేల్చుకుని, ఆ భాషవాళ్లలో ఎంత వస్తే మామూలో కొలిచి పెట్టుకోకపోతే అనువదించిన పరీక్ష పేరుకే పరీక్ష. ఈ ఇబ్బంది చూసే ఆస్ట్రేలియాలో 2004లో ‘రూడాస్’ అనే పరీక్ష తయారుచేశారు. అందులో చదువుతో పని తక్కువ. ఒక చెయ్యి పిడికిలి, ఇంకో చెయ్యి అరచెయ్యి పెట్టి ఒకేసారి మార్చడం, సిగ్నల్ లేని రద్దీ రోడ్డు ఎలా దాటుతారో చెప్పడం లాంటివి ఉంటాయి. అది కూడా అన్ని సమస్యలకూ మందు కాదు, కానీ అడగాల్సిన ప్రశ్నకు దగ్గరగా ఉంది.

కటాఫ్ అనే గీత ఎంత మోసం చేయగలదో ఒక ఊహాలెక్కతో చూడొచ్చు. ఒక పరీక్ష జబ్బున్న 100 మందిలో 80 మందిని పడుతుంది, జబ్బు లేని 100 మందిలో 20 మందిని పొరపాటున అనుమానిస్తుంది అనుకుందాం. ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్న 1000 మంది పెద్దవాళ్లకు దాన్ని పెట్టాం. వాళ్లలో నిజంగా డిమెన్షియా ఉన్నది 50 మందికి. పరీక్ష పట్టుకునేది 40 మందిని. మిగతా 950 మందిలో 190 మందిని ఊరికే అనుమానిస్తుంది. అంటే ‘తక్కువ వచ్చింది’ అని చెప్పించుకున్న 230 మందిలో నిజంగా జబ్బున్నవారు 40 మందే, సుమారు ఆరుగురిలో ఒకరు. అదే పరీక్షను ఇంట్లోవాళ్లు ఏదో తేడా చూసి తీసుకొచ్చిన 1000 మందికి, అందులో సగం మందికి జబ్బుందనుకుని పెడితే, అనుమానించిన 500 మందిలో 400 మందికి నిజంగానే ఉంటుంది. పరీక్ష మారలేదు, పెట్టిన చోటు మారింది. ఏ లక్షణమూ లేని పెద్దవాళ్లందరికీ ఈ పరీక్షలు చేయాలనడానికీ వద్దనడానికీ తగినంత ఆధారం లేదని 2020లో అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ చెప్పింది. ఫోన్లో తిరిగే ‘మీ మెమరీ ఎంత’ తరహా క్విజ్‌ల గురించి అయితే చెప్పేదే లేదు.

మార్కులు పడని చోట కనిపించేవి

అనుభవం ఉన్న డాక్టర్ జవాబు తప్పా ఒప్పా అన్నదానితో ఆగరు, తప్పు ఏ తీరులో వచ్చిందో చూస్తారు. అయిదు మాటల్లో మూడు గుర్తు రాలేదనుకుందాం. ‘అందులో ఒకటి పువ్వు పేరు’ అని అందిస్తే కొందరు ఠక్కున చెప్పేస్తారు. మాట లోపల ఉంది, బయటికి తీయడమే కష్టమైంది. డిప్రెషన్‌లోనూ, రక్తనాళాల సమస్యలోనూ ఇలా ఉండే అవకాశం ఎక్కువ. అల్జీమర్స్‌లో అందించినా చాలాసార్లు రాదు. నాలుగు పేర్లు చెప్పి వాటిలో ఏదని అడిగినా తప్పుదే ఎంచుకుంటారు. మాట అసలు లోపలికే వెళ్లలేదు. మోకాలో ఇలా అందించాక చెప్పినదానికి మార్కు లేదు, కానీ డాక్టర్‌కి పనికొచ్చే ముక్క అదే.

ఇంకొకటి పక్కన కూర్చున్నవాళ్లు కూడా చూడగలిగేది. ‘పోయినవారం ఏం చేశారు?’ అని అడిగితే జవాబు చెప్పకుండా భార్య వైపో కొడుకు వైపో తల తిప్పి చూస్తారు. ‘అదేదో నువ్వు చెప్పవే’ అన్నట్టు. న్యూరాలజిస్టులు దీనికి ‘హెడ్ టర్నింగ్ సైన్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. దీనికి ఎదురు ఇంకోటి ఉంది. ‘నాకు మతిమరుపు ఎక్కువైపోయింది డాక్టర్’ అంటూ ఒక్కరే వచ్చి, ఏ రోజు ఏం మర్చిపోయారో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లలో తరచుగా బయటపడేది టెన్షన్, నిద్రలేమి, దిగులు. నిజంగా తగ్గుతున్నవారిలో చాలామందికి తమలో తేడా వచ్చిందన్న ఎరుకే ఉండదు. వాళ్లని ఇంకెవరో తీసుకురావాలి. ఇది నియమం కాదు. మొదటి దశలో తమకు తామే గమనించుకుని భయపడేవాళ్లూ ఉంటారు.

ఇంట్లోవాళ్ల మాట

ఇదివరకు ఎలా ఉండేవారన్న ప్రశ్నకు జవాబు పరీక్ష కాగితంలో దొరకదు కాబట్టి దాన్ని దగ్గరివాళ్లనే అడగాలి. దీనికీ కొలతలున్నాయి. ఆస్ట్రేలియాలో ఆంథొనీ జోర్మ్ బృందం 1989లో తెచ్చిన ఐక్యూకోడ్ ప్రశ్నావళి సూటిగా ఆ పనే చేస్తుంది. ఫలానా విషయంలో పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడెలా ఉన్నారు అని అడిగి, చాలా మెరుగు దగ్గర్నుంచి చాలా అధ్వాన్నం వరకు 1 నుంచి 5 మధ్య వేయమంటుంది. 3 వేస్తే మార్పు లేదన్నమాట. కొత్త వస్తువు వాడటం నేర్చుకోవడం, ఈమధ్య జరిగినవి గుర్తుండటం, డబ్బు లెక్క చూసుకోవడం లాంటివి అడుగుతుంది. బడి మెట్లెక్కనివారినీ ప్రొఫెసర్‌నీ వాళ్లవాళ్ల గతంతోనే పోలుస్తుంది. అందుకే చదువు ప్రభావం దీనిమీద చాలా తక్కువ. లోపమల్లా చెప్పే మనిషిలో ఉంది. చూసుకుని చూసుకుని అలసిపోయి దిగులులో ఉన్న కోడలు వేసే మార్కులు, ఏడాదికోసారి వచ్చి వారం ఉండిపోయే కొడుకు వేసే మార్కులు ఒకేలా ఉండవు. ఇద్దరిలో ఎవరిది నిజమని తేల్చే బదులు ఇద్దరూ ఏం చూశారో వేర్వేరుగా అడగడం మేలు.

వాషింగ్టన్ యూనివర్సిటీలో పుట్టిన సీడీఆర్ అనే కొలతలో దీన్ని ఇంకా చక్కగా చేస్తారు. ముందు ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి, ఈ వారంలో, ఈ నెలలో పెద్దాయనకు తెలిసి జరిగిన ఒకటి రెండు సంగతులు వివరంగా చెప్పించుకుంటారు. ఎవరింట్లో పెళ్లి, ఎవరెవరు వచ్చారు, ఎన్నింటికి బయల్దేరారు, దారిలో ఏమైంది. తర్వాత పెద్దాయన్ని విడిగా కూర్చోబెట్టి ఆ సంగతే కదుపుతారు. ‘పోయినవారం ఎక్కడికో వెళ్లొచ్చారట?’ తేదీ తెలియకపోవడం, తీసివేత తప్పడం లాంటివి పక్కన పెడితే, తన సొంత బతుకులో మొన్న జరిగిన పూట ఎంత మిగిలిందో ఇక్కడ కనిపిస్తుంది. మర్యాదగా, నవ్వుతూ, ‘అవునవును, బాగా జరిగింది’ అని నెట్టుకొచ్చేవాళ్లు దొరికిపోయేది కూడా ఇక్కడే. జ్ఞాపకం, దిక్కూ కాలం తెలియడం, మంచీచెడూ నిర్ణయించడం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులూ సరదాలూ, ఒంటి శుభ్రత అనే ఆరు విషయాలు చూసి 0, 0.5, 1, 2, 3లలో ఒకటి వేస్తారు. పద్ధతి తెలిసినవాళ్లు చేయాలి, టైము ఎక్కువ పడుతుంది. మామూలు ఓపీలో ఇది జరగదు. కానీ ఒక సంగతిని ఇంట్లోవాళ్ల దగ్గర విని, పెద్దవాళ్ల దగ్గర మళ్లీ కదిపే కిటుకు పావుగంట దొరికిన ఏ డాక్టరైనా వాడుకోవచ్చు.

రోజువారీ పనుల గురించి అడిగేటప్పుడూ ఇదే జాగ్రత్త. 1969లో లాటన్, బ్రాడీ తయారుచేసిన స్కేల్‌లో ఫోన్ వాడటం, కొనుగోళ్లు, వంట, మందులు, డబ్బు వ్యవహారం లాంటి ఎనిమిది పనులున్నాయి. అప్పట్లో మగవాళ్లకు వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం వదిలేసి అయిదింటికే లెక్క కట్టేవారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ దాని వెనక ఒక నిజం ఉంది. ఎన్నడూ చెక్కు రాయని మనిషికి చెక్కు రాయడం రాకపోతే అది తగ్గుదల కాదు. నలభై ఏళ్లు ఇంటి లెక్కంతా చూసిన మనిషి ఒకే బిల్లు రెండుసార్లు కట్టడం తగ్గుదల.

ముందు తీసేయాల్సినవి

నిన్నటి దాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో అయోమయంలో పడితే దాన్ని డిమెన్షియా అనరు. అది డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఆపరేషన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర ఏదైనా కారణం కావచ్చు. గంటకోలా ఉంటారు, మాట మీద ధ్యాస నిలవదు. కొందరు గొడవ చేయకుండా మగతగా పడి ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆస్పత్రి మంచం మీద అలా ఉన్న మనిషికి మోకా పెట్టి మార్కులు వేయడం అనవసరం, అన్యాయం కూడా. కోలుకుని ఇంటికి వెళ్లాక కొన్ని వారాలు ఆగి చూడాలి.

మందులు ఇంకో పెద్ద కారణం, ఎక్కువగా కంటపడనిది. నిద్రమాత్రలు, జలుబుకి వాడే పాతతరం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి పెద్దవాళ్ల బుర్రను మందగింపజేస్తాయి. నలుగురు డాక్టర్లు రాసిన నాలుగు చీటీల మందులు ఒకే మనిషి వేసుకుంటుంటే మొత్తం సంచీ తెచ్చి టేబుల్ మీద బోర్లించడం కన్నా మంచి పరీక్ష లేదు. బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, తలకి దెబ్బ తగిలి లోపల నెత్తురు చేరిందేమో చూసే స్కాన్ మామూలుగా చేయించేవే. డిప్రెషన్ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. అది డిమెన్షియాలా కనిపించగలదు, డిమెన్షియాకి మొదటి మెట్టూ కాగలదు.

చెవుడును మాత్రం ఎందుకో అందరూ తేలిగ్గా తీసుకుంటారు. వినిపించని మాటను గుర్తుంచుకోమంటే ఎలా? హియరింగ్ ఎయిడ్ ఇంట్లో మర్చిపోయి వచ్చిన రోజు తీసుకున్న స్కోరు చెవి స్కోరే, మెదడుది కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. ఫ్రంటోటెంపోరల్ జబ్బులో మొదట పోయేది జ్ఞాపకం కాదు, నడత. పెద్దమనిషిగా బతికినవారు ఉన్నట్టుండి అపరిచితులతో వెకిలిగా మాట్లాడతారు, ఎవరేడ్చినా పట్టనట్టు ఉంటారు, డబ్బు తెగ ఖర్చుపెడతారు. అలాంటి మనిషికి ఎంఎంఎస్ఈలో 29 రావొచ్చు. ఇంట్లోవాళ్ల మాట వినకుండా కాగితం చూసి ‘అంతా నార్మల్’ అని రాసేస్తే కొన్నేళ్లు వృథా అవుతాయి.

స్కాన్లు, రక్తపరీక్షలు

ఇన్ని మాటలెందుకు, ఒక స్కాన్ తీసి తేల్చేయొచ్చు కదా అని అడుగుతారు. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 1986లో మొదలుపెట్టిన అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్నారు. ఏటా పరీక్షలు చేయించుకున్నారు, చనిపోయాక మెదడు పరిశీలించడానికి ఒప్పుకున్నారు. వాళ్లలో సిస్టర్ మేరీ అనే ఆవిడ 101 ఏళ్లు దాటి బతికారు, చివరి దాకా పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకున్నారు. తీరా చూస్తే మెదడు నిండా అల్జీమర్స్ గుర్తులే. మెదడులో మార్పులున్నంత మాత్రాన మనిషిలో జబ్బు కనిపించాలని లేదు.

అయినా ఈ రంగం ఇప్పుడు వేగంగా మారుతోంది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పూర్తి ఆమోదం ఇచ్చింది. ఇవి జబ్బును నయం చేయవు, తగ్గుదల వేగాన్ని కొంత తగ్గిస్తాయి. మెదడు వాపు, రక్తస్రావం ముప్పు ఉంది. పనికొచ్చేది తొలి దశలోనే, అదీ అమిలాయిడ్ ఉందని రుజువైతేనే. 2025 మే నెలలో నెత్తుట్లో పీ-టౌ217 అనే ఇంకో ప్రోటీన్‌ను, అమిలాయిడ్‌ను పోల్చి చూసే ఒక రక్తపరీక్షకు కూడా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 55 ఏళ్లు, ఆ పైబడి, లక్షణాలు ఉన్నవారికి మాత్రమే, మిగతా పరిశీలనతో కలిపి చూసుకోవాలనే షరతు మీద. లక్షణాలున్నాయా లేవా అన్నది మళ్లీ పాత పద్ధతిలోనే, మనిషితో మాట్లాడే తేల్చాలి.

మధ్యలో ఉండిపోయేవాళ్లు

పరీక్షలో తగ్గింది, కానీ తన పనులన్నీ తాను చేసుకుంటున్నారు. దీన్ని ఎంసీఐ అంటారు, అంటే స్వల్ప తగ్గుదల. స్పెషలిస్టు క్లినిక్‌లకు వచ్చే ఇలాంటివారిలో ఏటా 10 నుంచి 15 శాతం మంది డిమెన్షియాలోకి జారతారని చాలాకాలంగా చెబుతున్న లెక్క. అక్కడే ఆగిపోయేవారూ, మళ్లీ మామూలుకి వచ్చేవారూ ఉన్నారు. ఇంత అనిశ్చితిలో ఒకే రోజు తీసుకున్న ఒక్క స్కోరు పెద్దగా ఏమీ తేల్చదు. ఆరునెలలకో ఏడాదికో మళ్లీ చూడాలి. రెండోసారి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అయితే దానికి అర్థం వెతకనక్కర్లేదు. అవే ప్రశ్నలు మళ్లీ ఎదురైతే అలవాటు వల్ల కూడా మార్కులు పెరుగుతాయి కాబట్టి మోకాకి వేరే మాటలతో ఇంకొన్ని రూపాలు తయారుచేశారు. ఏడాది కింద 28 వచ్చి ఇప్పుడు 24 వచ్చిన మనిషి గురించి, మొదటిసారే 22 వచ్చిన మనిషి గురించి కన్నా ఎక్కువ ఆలోచించాలి.

స్కోరు తక్కువ వచ్చాక ఇళ్లలో మొదట కదిలేది ఆస్తి కాగితాలు. ‘ఆయనకు ఇప్పుడేం తెలియదు’ అన్నమాట వెంటనే వచ్చేస్తుంది. ఒక నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందా అన్నది 30కి వచ్చిన మార్కులతో తేలేది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లకు 2005లో చేసిన మెంటల్ కెపాసిటీ యాక్ట్ దీన్ని నిర్ణయానికో నిర్ణయం చొప్పున చూడమంటుంది. చెప్పిన విషయం అర్థమైందా, నిర్ణయం తీసుకునేంతసేపు గుర్తుంటుందా, అటూ ఇటూ తూచగలరా, ఏదో ఒక విధంగా తమ మాట చెప్పగలరా. 18 వచ్చిన మనిషికి నాలుగు వాటాలున్న స్థలం అమ్మకం ఒప్పందం తలకెక్కకపోవచ్చు. తనను పెద్దకూతురు చూసుకోవాలో చిన్నకొడుకు చూసుకోవాలో అడిగితే మాత్రం ఈ రోజూ, వారం తర్వాతా, కారణంతో సహా అదే జవాబు చెప్పగలరు.